కోడలు పిల్ల అడిగిన కెమెరా

కొత్తపేట,
హైదరాబాద్.

ప్రియమైన మిత్రుడికి,

 

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా మనసులోంచి పోలేదు. "చేతిలో లక్ష రూపాయల ఫోను పెట్టుకుని ఈ పిల్ల పాత రీలు కెమెరా కావాలంటోందిరా, ఇదేం పిచ్చి?" అన్నావు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇప్పుడు కాగితం పట్టుకున్నాను. ముందే చెప్తున్నా, అది పిచ్చి కాదు. నువ్వు అమెరికా వెళ్తూ నా దగ్గర వదిలిన పెంటాక్స్ కె-1000ని బాగు చేయించి పెట్టాను. డిసెంబర్ సెలవులకు మీ అమ్మాయి, నా కోడలు పిల్ల, ఇక్కడికి రాగానే దాని చేతికే ఇస్తాను. అంతదాకా నువ్వు ఆ పిల్ల మనసు విరిచేయకుండా ఉంటే చాలు.

ఆ కెమెరా నీకు ఎంతవరకు గుర్తుందో మరి. 1976లో మొదలుపెట్టి 1997 దాకా, పెద్ద మార్పులేవీ చేయకుండానే దాన్ని తయారు చేశారు. ప్రపంచం మొత్తం మీద ముప్పై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందులో ఉన్నవాటి కంటే లేనివే ఎక్కువ. సెల్ఫ్ టైమర్ లేదు. ఆన్, ఆఫ్ బటనే లేదు. లెన్సుకు మూత పెడితే లోపల చీకటై మీటరు పడుకుంటుంది, మూత తీస్తే లేస్తుంది. అడుగున ఉండే బిళ్ళ బ్యాటరీ ఆ మీటరు ముల్లు కదలడానికి మాత్రమే. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడుతుంది, రీలు తిరుగుతుంది, ఫోటో వస్తుంది.

సజ్జ మీంచి దించినప్పుడు దాని పరిస్థితి బాగాలేదు. వెనక తలుపు అంచుల్లో లోపలికి వెలుగు రాకుండా అతికించే సన్నటి ఫోమ్ ఉంటుంది చూడు, అది కరిగి జిగురు జిగురుగా తారులా మారింది. నిదానంగా పడాల్సిన షట్టర్ స్పీడులు మధ్యలో ఆగిపోతున్నాయి. లెన్సు లోపల మూలన సాలెగూడు లాంటి బూజు. మన వానాకాలాలకు ఏ లెన్సయినా మూసిన పెట్టెలో పడి ఉంటే పట్టే తెగులే అది. కోఠీ వైపు ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లతో విప్పుతూ, ఏ మర ఎక్కడిదో ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చుకుంటూ పోయాడు. పాత ఫోమ్‌ను స్పిరిట్‌తో తుడిచి కొత్తది కోసి అతికించాడు. లెన్సు గాజులు ఒక్కొక్కటీ తీసి కడిగాడు. అన్నీ మళ్ళీ బిగించి, తలుపు తెరిచి పెట్టి, ఒక్కో స్పీడు నాకు వినిపించాడు. ఒక సెకను పెడితే తెర తెరుచుకుని, ఆగి, నింపాదిగా మూసుకుంటుంది. వెయ్యోవంతు పెడితే ఒక్క టిక్కు, అంతే. ఆయన ఆ చప్పుడు చెవితో విని బాగుందో లేదో చెప్పేస్తాడు. ఇన్నేళ్ళ యంత్రాన్ని ఒక మనిషి విప్పగలడు, అర్థం చేసుకోగలడు, మళ్ళీ నిలబెట్టగలడు. కోడలికి ఆ కెమెరాలో నచ్చినవాటిలో ఇదీ ఉండి తీరుతుంది. ఇప్పటి పిల్లల చేతుల్లో ఉన్న వస్తువుల్లో ఇలా విప్పి చూసుకోగలిగేవి ఎన్ని ఉన్నాయో నువ్వే చెప్పు.

అసలు సంగతి మాత్రం వేరే ఉంది. ఆ కెమెరా పట్టుకున్నప్పుడు ఫోటో తీసేది నువ్వే. వెలుగు ఎంత రానివ్వాలి, ఎంతసేపు రానివ్వాలి, ఎంత దూరంలో ఉన్నది స్పష్టంగా కనపడాలి అన్న మూడూ నువ్వే తేల్చుకోవాలి. ఫోను ఈ మూడూ తనే తేల్చేసి, నాలుగైదు బొమ్మలు కలిపి ఒకటి చేసి, నీ చేతిలో పెడుతుంది. అది బాగానే ఉంటుంది, కాదనను. అందులో నీ నిర్ణయం ఎంత ఉందంటే మాత్రం చెప్పలేం.

మన దిల్‌సుఖ్‌నగర్ రోడ్డే ఉదాహరణగా చెప్తాను. నువ్వు వెళ్ళాక ఇక్కడ వెలుగే మారిపోయింది. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో మొదలైంది. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్‌బీ నగర్ వరకు రోడ్డు నడి మధ్యన స్తంభాలు, నెత్తిన కాంక్రీటు కప్పు. మనం తిరిగిన రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఈ రోడ్డంతా ఒకే ఎండ. మన మాస్టారు నేర్పిన లెక్క గుర్తుందిగా? ఐఎస్ఓ 400 రీలయితే, నిండు ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్ 16, షట్టర్ సెకనులో అయిదువందలో వంతు. మీటరు అక్కర్లేదు, కళ్ళు మూసుకుని తీసినా సరిగ్గా వచ్చేది. ఇప్పుడు ఒకే చూపులో కప్పు కింద చిక్కటి నీడ, దాన్ని ఆనుకుని తెల్లటి ఎండ. గురువారం సాయిబాబా గుడికి వెళ్ళే జనం కోసం స్తంభం పక్కన బుట్ట పెట్టుకుని కూర్చున్న పూలామెను తీయాలనుకో. ఆమె మొహం నీడలో ఉంటుంది, వెనకాల రోడ్డు మండిపోతుంటుంది. కె-1000 మీటరు మొత్తం దృశ్యాన్ని కలిపి సగటు చూస్తుంది. ఆ రోడ్డు వెలుగు చూసి "వెలుగు చాలా ఎక్కువ, తగ్గించు" అంటుంది. దాని మాట వింటే ఆమె మొహం నల్లటి ముద్ద అయిపోతుంది.

అప్పుడేం చేయాలి? మీటరును పక్కన పెట్టాలి. నా అరచేతిని ఆమె మొహం ఉన్న నీడలోనే పెట్టి, కెమెరాను దగ్గరకు తెచ్చి ఆ చేతి మీద వెలుగు కొలిచి, ఎఫ్ 4 దాకా తెరుస్తాను. వెనక రోడ్డు తెల్లబోతే పోనీ, ఆమె కళ్ళు కనపడాలి. లేదూ, ఆమె చేతిలోని మల్లెదండ ఒక్కటే ఎండలోకి వచ్చి మెరుస్తోందనుకో, అప్పుడు మొహాన్ని చీకట్లోనే ఉంచి దండకు లెక్క కడతాను. రెండూ సరైన ఫోటోలే. ఏది కావాలో తేల్చుకోవడానికి ముందు ఆమెను చూడాలి, కాసేపు నిలబడాలి, అడగాలి. "తీస్కో బిడ్డా, పేపర్ల వస్తదా?" అంటుంది ఆమె. ఇంత జరిగాకే షట్టర్ నొక్కేది. ఆ చూడ్డమే నాకు కావలసింది, మీ అమ్మాయి వెతుక్కుంటున్నదీ అదే అనిపిస్తోంది.

రీలుకు ముప్పై ఆరు ఫోటోలే అన్న హద్దు గురించి అందరూ చెప్తారు, నేను ఎక్కువ చెప్పను. ఒక్క పెళ్ళి సంగతి చెప్తాను. కె-1000లో ఫ్లాష్ వాడాలంటే షట్టర్ అరవయ్యో వంతు కంటే వేగంగా పెట్టకూడదు. పెడితే సగం బొమ్మే పడుతుంది. ఒకసారి వెలిగిన ఫ్లాష్ మళ్ళీ ఛార్జ్ కావడానికి కొన్ని సెకన్లు పట్టేది. అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి ఒకే ఒక్క ఫోటో. రెండో అవకాశం లేదు. అందుకే ఆనాటి పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కు కెమెరా ఎంత తెలుసో పెళ్ళి తంతూ అంతే తెలిసి ఉండేది. పంతులు గారి మంత్రం ఎక్కడిదాకా వచ్చిందో చెవితో పట్టుకుని, దూరాన్ని బట్టి ఎఫ్ నంబర్ ముందే తిప్పి పెట్టుకుని, వేలు ఆనించి ఉండేవాడు. మేళం జోరందుకునే సరికి ఫ్లాష్ వెలిగేది. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళలో అలాంటి నేర్పరులు ఎందరు పని చేశారో! పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళ పనితనం మాత్రం మన ఇళ్ళ ఆల్బమ్‌లలో పట్టు కాగితాల మధ్య భద్రంగా ఉంది.

స్టూడియోల వాళ్ళూ అంతే. దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, దరఖాస్తు ఫారాలు. ఫారం ఉందంటే పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఉండాల్సిందే. నల్లగొండ నుంచో, దేవరకొండ నుంచో పొద్దున్నే బస్సు దిగిన పిల్లవాడు స్టూలు మీద కూర్చుంటే, స్టూడియో ఆయన వచ్చి గడ్డం రెండు వేళ్ళతో కొంచెం కిందికి వంచి, కాలర్ సరిచేసి, వెనక్కి వెళ్ళి నొక్కేవాడు. సాయంత్రం రీలు కడిగి, నెగెటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు టచప్ చేసి, ఎర్ర బల్బు వెలుతురులో ప్రింటు వేసి, హైపోలో ముంచి, మర్నాటికి ఇచ్చేవాడు. ఆ కాగితం, ఆ రీలు చాలాసార్లు ఊటీలో తయారైన "ఇందు" బ్రాండువి. 1960లో మొదలైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ కర్మాగారం 1967 నుంచి అక్కడ ఫిల్ము తయారు చేసింది. మన దేశం సొంతంగా ఫిల్ము చేసుకున్న కాలం అది. డిజిటల్ వచ్చాక అది మూతపడింది. ఇవాళ నాకు కావలసిన ప్రతి రీలూ బయటి దేశం నుంచే రావాలి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కోడలు వస్తే దాన్ని ముందు విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో దింపుతాను. ఆ పేరు ఎందుకు వచ్చిందో రోజూ రైలెక్కే చాలామందికి తెలియదు. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కట్టించిన భవనం, తర్వాత విక్టోరియా రాణి జ్ఞాపకంగా అనాథ పిల్లలకు ఆశ్రయమైంది. ఆ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరే రాజా దీన్ దయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేసి, చివరికి మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఆడవాళ్ళ కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఆయన దగ్గర ఉన్నవి గాజు పలకల నెగెటివ్‌లు. అంత బరువైన పెట్టె, అంత జాగ్రత్త. 1905లో ఆయన పోయాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆ కుటుంబం దగ్గర మిగిలిన గాజు నెగెటివ్‌లు 2,857 కొని భద్రపరిచింది. నూరేళ్ళు దాటినా వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఆ నెగెటివ్‌లో మనుషులు కనిపిస్తారు. చదవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

మన కాలానికి వస్తే వరంగల్ ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు. 2022 జనవరిలో కన్నుమూశారు. బతుకమ్మలు, మట్టిగోడల ఇళ్ళు, వాకిళ్ళు, పొలం పనుల్లో ఉన్న ఆడవాళ్ళు, ఇలా తెలంగాణ పల్లెను ఆయనంత ప్రేమగా తీసినవాళ్ళు అరుదు. ఆయన బొమ్మలు చూస్తే ఆ మనుషులతో ఎంతసేపు కూర్చున్నారో తెలుస్తుంది. కోడలికి ఆయన పుస్తకాలు చూపించాలి. 2015లో హైదరాబాద్‌లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ ఆ సమయానికి జరుగుతుంటే అక్కడికీ తీసుకెళ్తాను.

నువ్వు అడిగే ఇంకో ప్రశ్న నాకు తెలుసు. ఖర్చు. నిజమే, ఇప్పుడు ఒక్క రంగుల రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటిపోతోంది. మన పేటలో రంగుల రీలు కడిగే మినీ ల్యాబ్‌లు లేకుండా పోయాయి, కొరియర్‌లో వేరే ఊరికి పంపుతున్నారు. పెళ్ళిళ్ళకు, వార్తలకు డిజిటలే సరైనది, నేనూ అదే వాడతాను. ఫిల్ము రంగులే వేరు అని మురిసిపోయేవాళ్ళ మాట నాకు అంత పట్టదు, ఆ రంగు ఫోనులో ఫిల్టర్‌తో కూడా వస్తుంది. అయినా కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరినప్పుడు ఇక రీలు కథ ముగిసిందనుకున్నవాళ్ళం, అదే కొడాక్ ఆపేసిన ఎక్టాక్రోమ్ రీలును 2018లో మళ్ళీ తేవడం చూశాం. 2024లో పెంటాక్స్ పేరుతో చేత్తో వైండ్ చేసే కొత్త ఫిల్ము కెమెరా, పెంటాక్స్ 17, మార్కెట్లోకి వచ్చింది. మీ అమ్మాయి వయసు పిల్లలు అడగబట్టే ఇవన్నీ జరిగాయి. మనలాంటి పాతవాళ్ళ జ్ఞాపకాల కోసం ఎవరూ కర్మాగారం తెరవరు.

బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు, అది నేనే నేర్పుతాను. డెవలపర్ నీళ్ళు ఇరవై డిగ్రీలుండాలి. డిసెంబర్‌లో మన కుళాయి నీళ్ళు దాదాపుగా సరిపోతాయి, కాబట్టి మంచి సమయానికే వస్తోంది. అదే మే నెలలో అయితే మేడ మీది ట్యాంకు నీళ్ళు రంగుల రీలుకు కావలసిన ముప్పై ఎనిమిది డిగ్రీలకు వాటంతటవే చేరుకుంటాయి. బ్లాక్ అండ్ వైట్‌కు మాత్రం ఐసు ముక్కలు వేసుకుంటూ థర్మామీటరు పట్టుకుని కూర్చోవాలి. బాత్రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టి, తలుపు కింద తువ్వాలు కుక్కి, చీకట్లో చేతివేళ్ళతో రీలును స్పైరల్‌కు ఎక్కించడం మొదట్లో ఎవరికైనా కష్టమే. చీకట్లో వేళ్ళకు తెలివి వస్తుంది. డెవలపింగ్ ట్యాంకు మూత బిగించాక లైటు వేసుకోవచ్చు. డెవలపర్, తర్వాత నీళ్ళు, తర్వాత హైపో. ఆఖర్న మూత తీసి తడి రీలును పైకి లాగినప్పుడు, ఆకాశం నల్లగా, నీడలు తెల్లగా, తలకిందులుగా మనుషులు బయటికొస్తారు. ఆ పిల్ల మొహం అప్పుడు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఆశ.

ఇంకో మాట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇప్పుడు లేదు, బాటసింగారం తరలిపోయింది. ఆ జాగాను పెద్ద ఆసుపత్రికి ఇచ్చారు. ఎండాకాలం తెల్లవారుజామున బంగినపల్లి లారీలు, గడ్డిలో పేర్చిన కాయలు, వేలంపాట పాడే గొంతులు, తువ్వాలు కింద చేతివేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునే దళారులు, ఇవన్నీ నువ్వు ఇదే కె-1000తో తీశావు. ప్రింట్లు కొన్ని చెమ్మకు పాడయ్యాయి. నెగెటివ్‌లు మాత్రం నీ దగ్గరే, డాలస్‌లోనే ఎక్కడో ఉండాలి. ఆ తర్వాత కొన్నాళ్ళకు నువ్వు డిజిటల్‌లో తీసిన అదే మార్కెట్ ఫోటోలు సీడీల్లో రాసి నాకిచ్చావు. అవి ఇప్పుడు ఏ కంప్యూటరూ చదవడం లేదు. కాబట్టి నెగెటివ్‌లు ఏ డబ్బాలో ఉన్నా వెతుకు. దొరికితే ఒక్కటీ పారేయకు, ఒకదానికొకటి అతుక్కుని ఉంటే బలవంతంగా లాగకు. అలాగే కోడలితో పంపు, ఇక్కడ నీళ్ళలో నానబెట్టి విడదీస్తాం. వాటిని స్కాన్ చేయించి కొత్తపేటలో ఎవరైనా పాత వ్యాపారులకు చూపిస్తే వాళ్ళ నాన్నల మొహాలు గుర్తుపడతారు.

కోడలు వచ్చేటప్పుడు రెండు పనులు చెప్పు. బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు 400వి నాలుగైదు తెచ్చుకోమను, అక్కడ ఇక్కడికంటే సులువుగా దొరుకుతాయి. వాటినీ, నీ నెగెటివ్‌ల డబ్బానూ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దని చెప్పు. ఆ సామానుకు వాడే ఎక్స్‌రే బలమైనది, కడగని రీళ్ళు మసకబారిపోతాయి. నెగెటివ్‌లు సామానుతో పాటు పోతే మళ్ళీ దొరకవు. అన్నీ చేతి సంచీలో పెట్టుకుని, సెక్యూరిటీ దగ్గర రీళ్ళను విడిగా తీసి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగాలి. కెమెరాకు బిళ్ళ బ్యాటరీ నేను కొని ఉంచాను, అది తేనక్కర్లేదు.

 నెగెటివ్‌లు దొరికాయో లేదో మాత్రం వెంటనే ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు